తువ్వాలు తీశాక

మా అక్కను ఇచ్చిన ఊరు ఆగిరిపల్లికి దగ్గర. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఊళ్ళో రెండు పార్టీలు. పార్టీ అంటే అప్పట్లో జెండా కాదు, మనుషులు. పెద్ద రసాల తోట ఉన్న ఆసామిది ఒకటి, రోడ్డు మీద బియ్యం మిల్లు ఉన్న ఆసామిది ఒకటి. ఊరంతా వాళ్ళను తోట పెద్దాయన, మిల్లు పెద్దాయన అనేవారు. నేనూ అలాగే అంటాను. ఒకరింటి పెళ్ళికి రెండోవారు వెళ్ళేవారు కారు. ఒకరి బండి ఎదురొస్తే రెండోవారి బండి పక్కకి తొలగేది కాదు. ఎడ్లు ఎదురెదురుగా నిలబడి నెమరేస్తుంటే తోలేవాళ్ళిద్దరూ చుట్టలు ముట్టించుకుని కబుర్లు చెప్పుకునేవారు.

నేను లెక్కల మనిషిని. నూజివీడులో ఒక మామిడికాయల వర్తకుడి కొట్లో పని. బడిలో చదివింది తక్కువ. ఎక్కాలు, వడ్డీ లెక్కలు, చెట్టు చుట్టూ తిరిగి కాపు ఎంతో అంచనా కట్టడం, అన్నీ పక్కవాళ్ళను చూసి నేర్చుకున్నవే. దేన్ని చూసినా కలిపో తీసేసో చూసుకోవడం అలవాటైపోయింది. ఆ ఊరి సంగతి కూడా నా మనసులో చాలాసార్లు వేసి చూశాను. రెండు పార్టీలున్నంతకాలం కూలిజనానికి అంతో ఇంతో మిగిలేది. ఆ రెండూ కలిసి ఒకటయ్యాక ఏమీ మిగల్లేదు. ఎటు నుంచి వేసినా అదే వచ్చింది.

ముందు దారి గురించి చెప్పాలి.

అక్కావాళ్ళు ఉండేది తూర్పుపేటలో. తోటల్లో కోతకీ, పొలాల్లో నాట్లకీ వెళ్ళే కుటుంబాలే పేటంతా. పేటలో బావి ఉంది గానీ ఉప్పునీళ్ళు, పప్పు ఉడకదు. మంచినీళ్ళ బావి తోట పెద్దాయన రసాల తోటకి అవతలి వైపు ఉంది. తోట మధ్య నుంచి ఒక కాలిబాట ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టి ఆ బాటన వెళితే, ఎసరు మరిగేలోగా బిందె నింపుకుని వచ్చేయవచ్చు. రోడ్డు మీదుగా తోట చుట్టూ తిరిగితే దానికి నాలుగింతలు. పిందె పడ్డాక తోటకి ముళ్ళకంప కట్టడం మామూలే. ఆ కంపలో బిందెతో మనిషి పట్టేటంత సందు వదలడమూ మామూలే.

యుద్ధం రోజుల్లో ఒక ఏడు తోట పెద్దాయన ఆ సందు మూయించాడు. కాయ పోతోందన్నాడు. పేటవాళ్ళు వెళ్ళి మిల్లు పెద్దాయనతో మొరపెట్టుకున్నారు. ఆయన మర్నాడు పొద్దున్నే చేతికర్ర పట్టుకుని వచ్చి కంప ముందు నిలబడ్డాడు.

"ఏంటయ్యా, నీళ్ళకెళ్ళే ఆడవాళ్ళు నీ కాయలు బిందెల్లో వేసుకుపోతున్నారా? ఆ బిందె మూతి చూశావా, నీ రసం పడుతుందా అందులో?" అని ఊరందరికీ వినపడేలా అరిచాడు.

పేట ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సాయంత్రానికి సందు తెరుచుకుంది. మిల్లు పెద్దాయనకి పేట మీద ప్రేమేమీ లేదు. మిల్లు వెనక నూకలు ఏరుకుంటున్న ముసలమ్మని మెడపట్టి గెంటించిన మనిషే ఆయన. తోట పెద్దాయన తలవంచుకోవడం చూడాలని ఆయన సరదా. ఆ సరదా పేటకి చాలింది.

తెల్లవాళ్ళు ఉన్నప్పుడు తోట పెద్దాయన స్వరాజ్యం కోరే పెద్ద పార్టీకి చందాలిచ్చేవాడు. మిల్లు పెద్దాయనది జమీందారుల పక్షాన ఉండే పార్టీ. స్వరాజ్యం వచ్చింది. పెద్ద పార్టీ గవర్నమెంటైంది. ఆ తర్వాత దాన్ని మా వైపు ఎవరూ పేరుపెట్టి పిలవడం నేను వినలేదు. పార్టీ అంటే అదే. వేరేదాని సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడే పేరు కావలసి వచ్చేది. కిరసనాయిలుకి, కంట్రోలు బట్టకి, మిల్లు పర్మిట్టుకి, దేనికైనా పార్టీవాళ్ళ మాట సాయం ఉండాలి. ఏడాది తిరక్కుండా మిల్లు పెద్దాయన ఖద్దరు కట్టాడు. నూజివీడులో సభ పెట్టి ఆయనకి దండ వేశారు. తోట పెద్దాయన మొహం మాడ్చుకునే వేదిక మీద పక్కన కూర్చున్నాడు. సభ అయ్యాక ఇద్దరూ బొగ్గుతో నడిచే బస్సులో ముందు సీట్లో పక్కపక్కన కూర్చుని ఊరెళ్ళారు.

"ఇక మనం చుట్ట ఎక్కడ కాల్చుకోవాలిరా?" అన్నాడట ఒక బండివాడు రెండో బండివాడితో.

ఆ ఏడు కంప కట్టినప్పుడు సందు వదల్లేదు. కాపు అయిపోయాక కంప తీయనూ లేదు. పేటవాళ్ళు అలవాటు కొద్దీ మిల్లు పెద్దాయన దగ్గరికే వెళ్ళారు. ఆయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు.

"మీ కష్టం నాకు తెలీదంట్రా? కానీ ఇప్పుడు మేమిద్దరం ఒకటే పార్టీ. పార్టీలో మనిషి మీద నేను నలుగురిలో ఎలా మాట్లాడేది? లోపల చెబుతాలే, వెళ్ళండి."

ఆ లోపల అనేది ఎక్కడుందో పేటలో ఎవరికీ తెలియదు. చాలా రోజులు ఎదురుచూశారు. ఆడవాళ్ళు రోడ్డు మీదుగా తిరిగి నీళ్ళు తేవడం మొదలుపెట్టారు. మొదట్లో తిట్టుకుంటూ తిరిగేవారు. కొన్నాళ్ళకి తిట్లు కూడా ఆగిపోయాయి. నాకు భయం వేసింది ఆ ఆగడం చూసే.

మా బావ చిన్నచిన్న తోటలు గుత్తకి తీసుకుని తనే చెట్టెక్కి కోసుకునే మనిషి. బావ పైకెక్కి, చివర వల కట్టిన చిక్కం కర్రతో కాయ దింపితే, కింద అందుకోవడానికి ఆయన జోడీ ఒకతను ఉండేవాడు. ఇద్దరూ పడుచుతనం నుంచీ కలిసి కోతకి వెళ్ళినవాళ్ళు. పై నుంచి ఒకరు దగ్గితే ఎటు కాయ వస్తుందో కింద రెండోవారికి తెలిసేది. బావ యుద్ధం రోజుల్లో పెద్ద పార్టీ జెండా పట్టుకుని జైలుకి కూడా వెళ్ళొచ్చాడు. స్వరాజ్యం వచ్చాక, మిల్లు పెద్దాయనకి దండ వేసిన సభలో వెనక నిలబడి, ఆ దండ పడగానే బయటికి నడిచాడు. అలా నడిచినవాళ్ళు నూజివీడులో కొందరు కలిసి ఒక కొత్త పార్టీ పెట్టుకున్నారు. సోడా షాపు మేడ మీద గది, ఒక బోర్డు, రెండు బెంచీలు. బెంచీలు ఎప్పుడూ నిండగా నేను చూడలేదు.

అప్పటికి ఎర్రజెండావాళ్ళను నిషేధించారు. ఊళ్ళలోకి పోలీసు క్యాంపులు వచ్చాయి. పార్టీలో లేనివాణ్ణి ఎవరినైనా ఎర్రవాడనడం తేలిక. బావ ఎర్రవాడు కాదు. కాదని ప్రతిసారీ చెప్పుకోవలసి వచ్చేది.

అలాంటి రోజుల్లో ఊరి పంచాయతీ ఎన్నిక వచ్చింది. ఆ ఊరికి ఓట్ల పెట్టెలు, చీటీలు లేవు. తాలూకా నుంచి ఆఫీసరు వస్తాడు, బడి ఆవరణలో అందరినీ కూర్చోబెడతాడు, పోటీ ఉంటే చేతులెత్తించి లెక్కపెడతాడు. పోటీ ఉండాలంటే ఒకరు పేరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. బలపరిచేవాడు లేకపోతే ఆ పేరు పలకనట్టే.

బావ నా కొట్టుకి వచ్చాడు. కాయ మాగబెట్టే వరిగడ్డి మోపు మీద కూర్చున్నాడు.

"ఏమోయ్, నీ అంచనా చెప్పు. గెలుస్తానా?"

"గెలవవు బావా."

"అంత తొందరగా చెప్పేశావే! చెట్టు చుట్టూ తిరగనన్నా తిరగలేదు."

"తిరిగినా అంతే. పూతే లేదు."

నవ్వాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "నాకు గెలుపు అక్కర్లేదోయ్. గవర్నమెంటు ఆఫీసరు ముందు, అందరూ వినేటట్టు, దారి అన్న మాట ఒక్కసారి పలకాలి. చేతులు లేవాలి. ఎన్ని లేస్తే అన్ని. ఓడిపోయినా పర్లేదు. ఇన్ని చేతులున్నాయని వాళ్ళిద్దరికీ కనపడిందనుకో, ఈసారి కాకపోతే వచ్చేసారి ఆ చేతుల కోసం ఇద్దరూ మళ్ళీ రెండవుతారు. ఎవడో ఒకడు వచ్చి దారి తెరుస్తాడు."

నాకు ఆ లెక్క నచ్చింది. నిజం చెప్పాలంటే, మా బావ వేసిన లెక్కల్లో తప్పు పట్టలేనిది అదొక్కటే.

"బలపరిచేదెవరు?"

"పేటంతా. ఎవరినడిగినా నేనంటే నేనంటున్నారు. పేరు పలికేది మా జోడీ."

పైగా ఇద్దరు పెద్దాయనలకీ ప్రెసిడెంటు పదవి మీద లోపల్లోపల పడటం లేదని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఒకే పార్టీలో ఉండి ఇద్దరూ ఒకే కుర్చీ అడుగుతున్నారు. బావకి అది మంచి శకునంలా కనపడింది. అక్క కూడా ఆ వారం రోడ్డు మీదుగా బిందె మోసుకొస్తూ, కంప దగ్గర ఆగి, "ఇంకెన్నాళ్ళులే" అని దానితో అన్నట్టు నాకు నవ్వుతూ చెప్పింది.

ఎన్నికకి ముందు రోజు మధ్యాహ్నం నేను అక్కావాళ్ళ ఊళ్ళోనే ఉన్నాను. మిల్లు ముందు ధాన్యం ఆరబోసే కళ్ళం మీదకి అందరినీ రమ్మని చాటింపు వేశారు. నూజివీడు నుంచి పార్టీ నాయకుడొకాయన కారులో వచ్చాడు. ఇద్దరు పెద్దాయనలూ ఆయనకి చెరో పక్కన కుర్చీల్లో ఉన్నారు. పేటవాళ్ళు కళ్ళం అంచున గొంతుక్కూర్చున్నారు. బావ, నేను వాళ్ళ వెనక నిలబడ్డాం.

నాయకుడు కాసేపు ఐకమత్యం గురించి మాట్లాడాడు. తర్వాత, "మీ పద్ధతిలోనే తేల్చుకోండి" అన్నాడు. మా వైపు తోటలన్నిటికీ బేరాలు కుదిర్చే ముసలి దళారిని ముందుకి పిలిచారు. ఆయన తన భుజం మీద తువ్వాలు తీయబోతే, నాయకుడు నవ్వుతూ తన ఖద్దరు కండువా తీసి ఇచ్చాడు.

తోట బేరం మా వైపు నోటితో చెయ్యరు. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు కుడిచేతులు కలుపుతారు, దళారి వాటి మీద తువ్వాలు కప్పుతాడు. కింద వేళ్ళతో మాట్లాడుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, పిడికిలంతా పట్టుకుంటే అయిదు. చుట్టూ ఎంతమంది ఉన్నా లోపల ఏం జరిగిందో వాళ్ళిద్దరికే తెలుస్తుంది. ఇష్టమున్న మూడోవాడు తువ్వాలు కప్పక ముందే నేనూ ఉన్నానని చెప్పుకోవాలి. కప్పాక నోరెత్తకూడదు. దళారి తువ్వాలు లాగి "తెగింది" అన్నాడా, ఆ తోట సంగతి ఇక ఎవరూ మాట్లాడరు. తర్వాత వచ్చి ఎక్కువిస్తానని పలికినవాడికి మళ్ళీ ఏ తోటలోనూ ఎవరూ చెయ్యి కలపరు. అంత పట్టింపు.

ఆ వేళ కండువా కింద ఆ రెండు చేతులు చాలాసేపు కదిలాయి. మిల్లు పెద్దాయన ముంజేయి ఒకసారి గుంజింది. తోట పెద్దాయన తల అడ్డంగా ఊపాడు, తర్వాత నిలువుగా ఊపాడు. ముసలి దళారి కండువా లాగి గాలిలో విదిలించి, "తెగింది" అన్నాడు.

జనంలో ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడైంది. ఎవరో చప్పట్లు కొట్టారు. ముందు మిల్లు పెద్దాయన ప్రెసిడెంటుగా ఉంటాడని, సగం కాలం అయ్యాక దిగిపోయి తోట పెద్దాయనకి ఇస్తాడని నాయకుడు చెప్పాడు. మిగతా ఇచ్చిపుచ్చుకోవడాలు చెప్పలేదు.

"ఊరిని అమ్ముకున్నారోయ్. సాక్ష్యానికి మనల్ని పిలిచారు" అన్నాడు బావ నాతో. ఆయనకి కోపం కన్నా ఉత్సాహమే ఎక్కువగా ఉంది. ఇద్దరూ ఇంత బాహాటంగా పంచుకోవడం చూశాక పేటవాళ్ళకి ఇంకా మండుతుందని ఆయన అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ముందు కూర్చున్నవాళ్ళ వీపులు మాత్రమే మాకు కనపడుతున్నాయి.

మర్నాడు పొద్దున బడి ఆవరణలో ఆఫీసరు కుర్చీ వేసుకున్నాడు. పొద్దెక్కకముందే పక్క ఊరు కూడా పూర్తి చెయ్యాలని తొందరలో ఉన్నాడు. తోట పెద్దాయన లేచి మిల్లు పెద్దాయన పేరు ప్రతిపాదించాడు. జీవితంలో మొదటిసారి ఆ పేరు ఆయన నోట తిట్టు లేకుండా వచ్చింది. బలపరచడానికి చేతులు పోటీపడ్డాయి.

"ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు ఆఫీసరు.

బావ జోడీ వైపు చూశాడు. జోడీ నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు. బావ దగ్గాడు. చెట్టు మీద నుంచి దగ్గినట్టే దగ్గాడు. జోడీ తల ఎత్తలేదు.

"లేకపోతే ఏకగ్రీవం" అన్నాడు ఆఫీసరు.

"ఉన్నానండి" అంటూ బావ తనే లేచాడు. "నా పేరు నేనే చెప్పుకుంటున్నాను. తోటలో దారి కోసం నిలబడుతున్నాను. మంచినీళ్ళ దారి."

"మీ పేరు మీరు చెప్పుకోవచ్చు, తప్పులేదు. బలపరిచేదెవరు?"

బావ వెనక్కి తిరిగాడు. పేటంతా అక్కడే ఉంది. నేను ముందు రోజు చూసిన వీపులకి ఆ వేళ మొహాలు కనపడ్డాయి. ఎవరి మొహంలోనూ కోపం లేదు, పెద్దగా భయమూ లేదు. శుభకార్యంలో తమవాడెవడో తాగి మాట్లాడుతుంటే తలలు వంచుకుంటారు చూడండి, అలా వంచుకున్నారు. సిగ్గుపడుతున్నారు. మా బావ తరఫున.

"ఎవరూ లేరా?" అన్నాడు ఆఫీసరు.

బడి గోడ పక్కన ఆడవాళ్ళు నిలబడ్డచోట ఒక చెయ్యి లేచింది. అక్కది. నీళ్ళకి వెళుతూ ఆగినట్టుంది, చంకన ఖాళీ బిందె ఉంది.

"నేనున్నానండి."

మిల్లు పెద్దాయన పకపకా నవ్వాడు. "మొగుణ్ణి పెళ్ళాం బలపరచక ఊరు బలపరుస్తుందంటయ్యా? ఇంట్లో బలపరుచుకోమ్మా, రోజూ బలపరుచుకో!" అన్నాడు. నవ్వు ఆవరణంతా పాకింది. పేటలో కూడా కొందరు నవ్వారు. నవ్వడానికి ఒక సాకు దొరికినందుకు వాళ్ళకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆఫీసరు నవ్వలేదు. చేతిలో ఉన్న ఓటర్ల పట్టీ తిరగేసి, "మీ పేరు ఇందులో లేదమ్మా. లేనివాళ్ళ చెయ్యి లెక్కకి రాదు" అన్నాడు మర్యాదగానే. నా పేరు నూజివీడులో ఉంది. నా చెయ్యి కూడా ఆ ఊళ్ళో లెక్కకి రాదు.

అక్క చెయ్యి వెంటనే దించలేదు. ఆఫీసరు కాగితం మీద సంతకం పెట్టే దాకా అలాగే ఉంచింది.

ఆ మధ్యాహ్నం బావ తలుపు వేసుకుని పడుకున్నాడు. నేను జోడీ ఇంటికి వెళ్ళాను. చిక్కానికి కొత్త వల అల్లుకుంటున్నాడు. నన్ను చూసి పీట వేశాడు.

"ఏంటయ్యా ఇలా చేశావు? మాటిచ్చావంట కదా."

"ఇచ్చానండి. మొన్నటి మాట అది."

"మరి నిన్న ఏమొచ్చింది? పోలీసులేమన్నా వచ్చారా?"

"అబ్బే. భయం లేదని కాదండీ, ఉంది. దానికైతే ఆగేవాణ్ణి కాదు." వల పక్కన పెట్టాడు. "నిన్న తువ్వాలు కప్పారు. తీశారు. తెగిందన్నారు. మేమంతా అక్కడే ఉండి చూశాం. కప్పక ముందు మీ బావగారు కూడా నేనున్నానని అనలేదు. తెగిపోయిన బేరం మీద మర్నాడొచ్చి పలికేవాణ్ణి మనం ఏమంటామండీ? మనిషంటామా?"

"అది తోట కాదయ్యా. ఓటు."

"నాకైతే తేడా కనపడలేదండి. అదే కళ్ళం, అదే ముసలాయన, అవే చేతులు." మళ్ళీ వల అందుకున్నాడు. "ఆయన అలా లేచి పలుకుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. నా అన్నలాంటివాడు. రేపట్నుంచి ఆయనకి తోట ఎవరిస్తారు?"

అతను అబద్ధం చెప్పలేదు. తెగిన బేరం మీద పలకకపోవడం అతని పరువు. పదిమంది తోటల్లో చెట్లు ఎక్కి దిగి బతికే మనిషికి అదొక్కటే ఆస్తి. పేటంతా ఆ పరువే కాపాడుకుంది. బేరానికి పెట్టింది తమ దారే అయినా సరే. పెద్దాయనలు ఇది తెలిసే అందరినీ కళ్ళానికి పిలిపించారో, వాళ్ళకి కూడా అది తప్ప వేరే పద్ధతి తెలియదో నాకిప్పటికీ తేలలేదు. రెండోదే నిజమైతే ఇంకా ఘోరం. మోసమైతే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు కనిపెడతారు.

బావకి ఆ మాటలు చెప్పాను. "కప్పకముందు అనాల్సిందా నేను?" అన్నాడు. చాలా రోజులు, అన్నం తింటూ కూడా, ఉన్నట్టుండి అదే అనేవాడు. "కప్పకముందు అనాల్సిందోయ్."

ముళ్ళకంప పోయి మట్టిగోడ లేచింది. జోడీ భయపడ్డట్టే ఆ ఏడు బావకి ఎవరూ తోట గుత్తకివ్వలేదు. జోడీ ఇంకొకరితో కోతకి వెళ్ళాడు. వెళ్ళేముందు వచ్చి చెప్పి మరీ వెళ్ళాడు. క్యాంపు నుంచి జవాన్లు రెండుసార్లు వచ్చి బావని, నువ్వు ఎవరి మనిషివి అని అడిగారు. కొత్త పార్టీ మనిషినంటే, "అదెక్కడుంది?" అన్నారట. వాళ్ళు వెటకారానికి అనలేదు, నిజంగానే తెలియదు. నూజివీడులో సోడా షాపు మేడ మీద ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తిరిగి పార్టీలోకి వెళ్ళిపోయారు. ఒకరోజు చూస్తే బోర్డు లేదు. షాపతను దాన్ని దింపి సోడా సీసాల పెట్టెలకి మూతగా వేసుకున్నాడు.

ఆ ఎండాకాలం పేటలో ఉప్పుబావి కూడా అడుగంటింది. ఆడవాళ్ళు రెండు పూటలా రోడ్డు మీదే ఉండేవారు. పక్కింట్లో నిండు చూలాలు బిందెతో రోడ్డు మలుపులో పడిపోయింది. తల్లి బతికింది. అక్క ఆమెను ఇంటికి చేర్చి వచ్చి, మళ్ళీ బిందె ఎత్తుకుని నీళ్ళకి వెళ్ళింది. బావ లేచి చొక్కా వేసుకుని తోట పెద్దాయన ఇంటికి వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు.

తోట పెద్దాయన కసురుకోలేదు. మజ్జిగ ఇప్పించాడు.

"బయట నుంచి అడిగావు, గొడవయింది. లోపలికొచ్చి అడిగితే నాలుగణాల పని. నీకంటే ముందు జైలుకెళ్ళినవాళ్ళున్నారంట్రా మన ఊళ్ళో? నువ్వు పార్టీలో లేకపోతే మాకే నామర్దా."

బావ నాలుగణాలిచ్చి సభ్యుడయ్యాడు. ఒకప్పుడు ఏ పార్టీ కోసం జైలుకెళ్ళాడో ఆ పార్టీలోకే, వీధి అరుగు మీద నిలబడి చేరాడు. అప్పుడు తోట పెద్దాయన భుజం మీద తువ్వాలు తీశాడు.

"ఇటు రా. చెయ్యి తే."

దళారి లేడు. నేనొక్కణ్ణే ఉన్నాను. తువ్వాలు కింద చేతులు ఎక్కువసేపు లేవు. అది పెద్దాయన చెయ్యి ఒకటే కదిలిన బేరం. బావ ముంజేయి చచ్చినదానిలా పడి ఉంది. ఎన్నో బేరాలు చూశాను, ఒక పక్క వేలు ఒక్కటీ కదలనిది మాత్రం అదే. పెద్దాయన తనే తువ్వాలు తీసుకుని, "తెగింది" అన్నాడు.

దారిలో అడిగాను. బావ చెప్పలేదు. తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

దారి తెరిచారు. గోడకి తలుపు పెట్టారు. తొలకరి పడ్డాక తలుపు తీస్తారు, పూత కనపడగానే మూసేస్తారు. అంటే, పేటలో ప్రతి గుంటలోనూ నీళ్ళు నిలిచి, తోటలో మోకాలిలోతు బురద ఉన్నప్పుడు దారి ఉంటుంది. ఎండకి నాలుక పిడచకట్టేటప్పుడు ఉండదు. ఏడాదిలో సగం దారి ఇచ్చారని బావ అనుకున్నాడు. ఏ సగమో వేళ్ళు చెప్పలేదు.

వానలు బాగా పడుతున్న రోజుల్లోనే సగం కాలం పూర్తయి మిల్లు పెద్దాయన దిగిపోయాడు. మళ్ళీ ఆఫీసరు వచ్చాడు, మళ్ళీ బడి ఆవరణ. నేను అక్క దగ్గరికి వచ్చి, అందరితో పాటు వెళ్ళాను. ఈసారి మిల్లు పెద్దాయన లేచి తోట పెద్దాయన పేరు ప్రతిపాదించాడు.

"బలపరిచేదెవరు?" అన్నాడు ఆఫీసరు.

ఈసారి చేతులు పోటీపడలేదు. అందరూ ఆగారు. ఎవరికోసం ఆగుతున్నారో అందరికీ తెలుసు. ముందు వరసలో మా బావ లేచి చెయ్యెత్తాడు.

"నేను బలపరుస్తున్నానండి."

"పోటీ?" అన్నాడు ఆఫీసరు. చుట్టూ చూశాడు. "ఏకగ్రీవం" అని సంతకం పెట్టాడు. పేటవాళ్ళు చప్పట్లు కొట్టారు. జోడీ అందరికంటే గట్టిగా కొట్టాడు. అతని మొహంలో నిజమైన సంతోషం చూశాను. అన్నలాంటివాడు మళ్ళీ మర్యాదలోకి వచ్చాడు, ఇక తోటలిస్తారు, ఇద్దరూ కలిసి కోతకి వెళ్ళవచ్చు.

బడి గోడ దగ్గరికి చూశాను. అక్క కిందటిసారి నిలబడ్డచోటే నిలబడి ఉంది, బిందెతో. సన్నగా జల్లు పడుతోంది. అటు చూస్తే తోట గోడకి తలుపు బార్లా తెరిచి ఉంది. నేను దగ్గరికి వెళ్ళి, "తడుస్తున్నావు, ఇటు నుంచి వెళ్ళక్కా, తీసే ఉంది" అన్నాను.

"మీ బావ చెయ్యి పెట్టి తెచ్చుకున్న దారి. ఆయన్ని నడవమను."

కొంగు తల మీదికి లాక్కుని రోడ్డెక్కింది. ఇప్పటికీ వానైనా ఎండైనా రోడ్డు మీదుగానే తిరిగి తెస్తుంది. ఆ నీళ్ళే బావ తాగుతాడు. నేను వెళ్ళినప్పుడు నేనూ తాగుతాను.